ఓబన్న నడిచిన పొలిమేర

తాసీల్దార్లు వచ్చేలోగా చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. చావడికి సున్నం కొట్టించాలి. చావడి ముందున్న గుంత పూడ్పించాలి. గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టించాలి. రెండు కుర్చీలు తెప్పించాలి. రెండూ ఒకే ఎత్తున ఉండాలి. వచ్చే తాసీల్దార్లు ఇద్దరిలో ఒకరిది కర్నూలు జిల్లా, ఒకరిది కడప జిల్లా. ఎవరూ ఎవరికంటే కింద కూర్చోరు. వాళ్లు తాగడానికి కోసెడు దూరం నుంచి తియ్యనీళ్లు బండి మీద తోలించాలి. కొట్లాట కట్టెలు ఇండ్లల్లోనే పెట్టి రావాలని ఊళ్లో మగవాళ్లకు దండోరా వేయించాలి. అన్నిటికంటే ముందు ఊరవతలి గేరికి పోయి ఓబన్నను ఒప్పించాలి.

సుద్దపల్లె పంచాయతీ ప్రెసిడెంటు పుల్లయ్య ఈ పనులన్నీ నోట్లోనే వల్లించుకుంటూ ఇంటి అరుగు మీద కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఊరికి పంచాయతీ వచ్చి నిండా రెండేళ్లు కాలేదు. పుల్లయ్యే మొదటి ప్రెసిడెంటు. బావి తవ్విస్తానని చెప్పి గెలిచాడు. లోపల పొయ్యి దగ్గర నుంచి ఆయన భార్య తిరుపతమ్మ, ప్రెసిడెంటు ఇంట్లో గూడా పప్పు ఉడకల్యా అని ఎత్తిపొడిచింది. నిజమే మరి. ఆ ఊరి ఉప్పునీళ్లలో పప్పు ఉడకదు. పొద్దున పొయ్యి మీద పెడితే సాయంత్రానికి కూడా గింజ గింజగానే ఉంటుంది.

సుద్దపల్లె చుట్టూ నల్లరేగడి. వానలు సరిగా పడితే జొన్న మనిషెత్తు లేస్తుంది. నీళ్లు మాత్రం యాడ తవ్వినా ఉప్పే. పడమట ఎర్రమల కొండల్లో పుట్టి, తూర్పున కుందూ ఏట్లో కలిసే ఒక వాగు ఊరికి దక్షిణంగా పోతుంది. వాగుకు అవతల నాపలపాడు. సుద్దపల్లె కర్నూలు జిల్లా కోయిలకుంట్ల తాలూకాలో ఉంటే, నాపలపాడు కడప జిల్లా జమ్మలమడుగు తాలూకాలో ఉంది. సర్కారు పటాల్లో రెండు జిల్లాలకూ హద్దు ఆ వాగే.

చిక్కు అక్కడే వచ్చింది. తాతల కాలంలో ఒక పెద్ద వరద వచ్చి, వాగు తన పాత దారి వదిలి దక్షిణానికి దూకింది. పాత దారి ఎండిపోయి గులకరాళ్ల డొంకగా మిగిలింది. పాత వాగుకూ కొత్త వాగుకూ నడుమ కొంత నేల చిక్కుకుంది. పాత వాగు హద్దు అనుకుంటే ఆ నేల నాపలపాడుది. కొత్త వాగు హద్దు అనుకుంటే సుద్దపల్లెది. దానికి తగాదా చేను అనే పేరు పడిపోయింది. ఎవరు గొలుసు పట్టి కొలవడానికి వచ్చినా రెండు ఊళ్లూ కట్టెలు తీసేవి. ఎవరూ దున్నరు, ఎవరూ విత్తరు. తుమ్మచెట్లు మాత్రం సుఖంగా పెరిగాయి.

ఒక కరువు ఏట గొర్రెలకాపరులు ఆ చేన్లో చెలమ తీస్తే నీళ్లు పడ్డాయి. తాగి చూస్తే తియ్యగా ఉన్నాయి. ఆ మాట తెలిసిన రోజే రెండు ఊళ్లూ అక్కడ కలబడ్డాయి. తలలు పగిలాయి, చెలమ పూడిపోయింది. ఇప్పుడు కోయిలకుంట్ల తాలూకా బోర్డు అక్కడ బావి తవ్విస్తానంటోంది. జమ్మలమడుగు తాలూకా బోర్డూ తవ్విస్తానంటోంది. కానీ పరాయి జిల్లా నేల మీద ఏ బోర్డూ దమ్మిడీ పెట్టకూడదు. ఉగాదిలోగా హద్దు తేలకపోతే బావికి వచ్చిన రెండు మంజూర్లూ వేరే ఊళ్లకు పోతాయి. అందుకే తాసీల్దార్లు ఇద్దరూ కూడబలుక్కుని ఒక మాట చెప్పారు. కొలతలు మీరు ఒప్పుకోవడం లేదు కాబట్టి, మీరు ఏ పద్ధతికి కట్టుబడతారో మీరే చెప్పండి, దాని ప్రకారం రాళ్లు నాటిస్తాం అన్నారు. ఏ విషయంలోనూ ఒకటి కాని రెండు ఊళ్లూ దీంట్లో మాత్రం ఒకటే మాట చెప్పాయి. ఓబన్న మన్ను ఎత్తుకుని నడవాలి అన్నాయి.

ఆ పద్ధతి ఎంత పాతదో చెప్పేవాళ్లు లేరు. పొలిమేర తగవు వస్తే ఓబన్న వంశంలో మగవాడు తగవులో ఉన్న నేల నుంచి మన్నుగడ్డ తీసి, తడిపి, తల మీద పెట్టుకుని నడుస్తాడు. అతను నడిచిందే హద్దు. దారి పొడుగునా నోరు విప్పకూడదు. మన్ను కింద పడకూడదు. మాట్లాడినా, మన్ను పడినా నడక చెల్లదు. అబద్ధం నడిస్తే ఏడాది తిరిగేలోగా ఆ మన్నే అతన్ని కప్పుకుంటుందని నమ్మకం. అందుకే రెండు ఊళ్ల కళ్లాల్లోనూ ఆ ఇంటికి గింజలు కొలిచేవారు. ఓబన్న నాయన కాలంలో ఆ ఇల్లు క్రైస్తవంలోకి పోయింది. గేరిలో మట్టిగోడల గుడి లేచింది. అయినా ఊళ్ల నమ్మకం ఆ ఇంటిని వదల్లేదు.

పుల్లయ్య గేరికి పోయేసరికి ఓబన్న ఇంటి ముందు వేపపుల్లలతో దడి కడుతున్నాడు. నలభై దాటిన మనిషి, ఎండిన కంది కట్టెలా ఉంటాడు. పక్కనే గేరి గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి శాంతయ్య కూర్చుని ఉన్నాడు. పుల్లయ్య వచ్చిన పని చెప్పకముందే శాంతయ్య, అమ్మవారి పేర ఒట్టు పెట్టుకునే పని అయితే మా ఓబన్న రాడని తేల్చి చెప్పాడు. పసుపూ, వేపమండా, డప్పూ ఏమీ కుదరవన్నాడు. పుల్లయ్య అంతటితో వదల్లేదు. మరి నిజం చెప్పడానికన్నా రావచ్చునా అని అడిగాడు. శాంతయ్య, నిజం చెప్పవద్దని నేనెట్లా అంటానప్పా అని లేచి వెళ్లిపోయాడు.

ఇద్దరే మిగిలాక పుల్లయ్య దడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. పాత వాగూ కొత్త వాగూ విడిపోయే చోట ఒక పెద్ద బండ ఉంది, నక్కబండ అంటారు. పడమటి నుంచి నడిచేవాడు అక్కడ ఎడమకు తిరిగితే చేను నాపలపాడుది అవుతుంది, కుడికి తిరిగితే సుద్దపల్లెది అవుతుంది. పుల్లయ్య నేలచూపులు చూస్తూ, నక్కబండ దగ్గర కుడికి తిరగమని అడిగాడు.

ఓబన్న చేతిలో పని ఆపలేదు. "ఆ చేను ఎవురిదో నీకు తెలీదా అప్పా?" అన్నాడు.

పుల్లయ్యకు తెలుసు. ఊళ్లో ముసలివాళ్లందరికీ తెలుసు. చిన్నప్పుడు ఆయన నాయనే ఆ గులకరాళ్ల డొంకలో నిలబెట్టి, ఈడ పారేదిరా వాగు, ఈ పక్క మనది, ఆ పక్క వాండ్లది అని చూపించాడు. అందరికీ తెలిసిన సంగతే. బయటికి అనేవాడే లేడు.

"తెలిసినా తెలియకున్నా, నీళ్లు మన పక్క రావల," అన్నాడు పుల్లయ్య. "వాండ్ల పక్క బాయి పడితే మనకు చుక్క పోయరు. నువ్వు కుడికి తిరుగు. బాయి మనదైతే మీ గేరివాండ్లు మీ చేత్తో మీరే తోడుకుందురు. ఈ మాట నాది."

ఆ మాట చిన్నది కాదు. అంటరానివాళ్లని గేరివాళ్లకు ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. ఉప్పునీళ్ల బావి దగ్గర కూడా ఆడవాళ్లు ఖాళీ కడవలతో దూరంగా కూర్చుని, ఊళ్లో ఎవరికైనా దయ కలిగి పోసేదాకా ఎదురు చూడాలి. గుమ్మంలో నిలబడి వింటున్న ఓబన్న భార్య జీవమ్మ చేతిలో చేట కదలడం మానేసింది. ఓబన్న మాత్రం ఔననలేదు, కాదనలేదు. వస్తా, నడుస్తా అని అన్నాడు. పుల్లయ్య లేచి వస్తుంటే వెనక నుంచి జీవమ్మ మొగుడితో అంటున్న మాట వినిపించింది. "కుడికి తిరుగుతావో, ఎడమకు తిరుగుతావో నీ ఇష్టం. యా పక్క తిరిగినా ఈ ఇంటికి నీళ్లు మోసేది నేనే. అది మతిలో పెట్టుకో."

అనుకున్న రోజు పొద్దెక్కేసరికి కొండ కిందికి రెండు ఊళ్లూ కదిలి వచ్చాయి. ఉత్తరాన సుద్దపల్లె, దక్షిణాన నాపలపాడు, నడుమ ఎండిన వాగు. నాపలపాడు బండ్లలో గడ్డి కింద కట్టెలు ఉన్నాయని అందరికీ తెలుసు. సుద్దపల్లె బండ్లలోనూ ఉన్నాయి, దండోరా సంగతి దండోరాదే. తాసీల్దార్లు గుర్రాలు దిగి పటాలు పరిచారు. ఒక పటంలో కర్నూలు జిల్లా వాగు దాకా ఉండి, దాని కింద తెల్లకాగితం ఉంది. రెండో పటంలో కడప జిల్లా వాగు దాకా ఉండి, దాని పైన తెల్లకాగితం ఉంది. తన ఊరూ, తన పొలమూ, తాను పుట్టి పెరిగిన నేలంతా ఒక కాగితం అంచున వేలెడంత ఉండటం చూసి పుల్లయ్యకు ఒళ్లు ఝల్లుమంది.

పసుపు, డప్పు లేకుండా నడిస్తే చెల్లుతుందా అని రెండు వైపులా గొణుగుడు మొదలైంది. నాపలపాడు మునసబు మహానంది ముందుకు వచ్చాడు. బుర్రమీసాల మనిషి, మాట తక్కువ. "మన్ను ఎత్తుకుంటాడు గదా. సాలు. అబద్ధం నడిస్తే మన్నే సూసుకుంటాది," అన్నాడు. దాంతో నోళ్లు మూతపడ్డాయి.

పద్ధతిలో ఇంకొకటి ఉంది. ఎండకు మన్ను ఎండి రాలిపోకుండా ఒక మనిషి చెంబుతో నీళ్లు పట్టుకుని పక్కనే నడుస్తూ గడ్డను తడుపుతుండాలి. దారిలో సగం ఒక ఊరి మనిషి, సగం రెండో ఊరి మనిషి తడపాలి. ఆ విధంగా రెండు ఊళ్లూ ఆ నడకకు చెయ్యి కలిపినట్టు. కొండ నుంచి నక్కబండ దాకా మహానంది వంతు. నక్కబండ నుంచి చివరిదాకా పుల్లయ్య వంతు.

ఓబన్న స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. కొండ వైపు తిరిగి కాసేపు కళ్లు మూసుకున్నాడు. శాంతయ్య నేర్పిన ప్రార్థనో, నాయన నేర్పిన మౌనమో ఎవరికీ తెలియదు. తగాదా చేను నుంచి తెచ్చిన మన్నుగడ్డను తడిపి తల మీద పెట్టుకున్నాడు. గుమ్మడికాయంత గడ్డ అది. రెండు చేతులూ కిందికి వదిలేసి నడవడం మొదలుపెట్టాడు.

అంతమంది జనం ఉండి అంత నిశ్శబ్దం పుల్లయ్య ఎన్నడూ ఎరగడు. ఎడ్లు కూడా మెడలు కదపడం లేదు. ఓబన్న వెనక గొలుసు మనుషులు, వాళ్ల వెనక రాళ్లు నాటే వడ్డెవాళ్లు, అటొక ఊరు, ఇటొక ఊరు. ఎవరూ చెప్పకుండానే మగవాళ్లు తలపాగాలు విప్పి భుజాన వేసుకున్నారు. మళ్లీ గుర్రమెక్కి వస్తున్న కర్నూలు జిల్లా తాసీల్దారు కాసేపటికి దిగి, కళ్లెం బంట్రోతు చేతికిచ్చి, జనంతోపాటు నడిచాడు. ఓబన్న నుదుటి మీదుగా బురదనీళ్లు జారి, ఎండకు ఆరి, చారలు కట్టాయి. కళ్లల్లోకి దిగినా తుడుచుకోలేదు. పుల్లయ్య అతని పాదాలనే చూస్తున్నాడు. ముళ్లనూ రాళ్లనూ ఏమీ చూసుకోకుండా ఆ పాదాలు పోతున్నాయి. అవి పడిన చోటల్లా ఉత్తరం పక్క ఒక జిల్లా అవుతోంది, దక్షిణం పక్క ఇంకొక జిల్లా అవుతోంది. ఎక్కడో చెన్నపట్నంలో, ఇంకెక్కడో దొరల సీమలో గీసుకున్న గీత ఈ మనిషి కాళ్ల కింద నిజంగా పుడుతోంది. ఇంత పెద్ద భూమికి ఇంత బక్క మనిషి సాక్షి. ఆ తలపు రాగానే పుల్లయ్యకు భయమూ భక్తీ ఒక్కసారే కలిగాయి.

నక్కబండ దగ్గర ఓబన్న ఆగాడు. మహానంది తన చెంబులో మిగిలిన నీళ్లు గడ్డ మీద పోసి పక్కకు తప్పుకున్నాడు. పుల్లయ్య తన చెంబు పట్టుకుని ముందుకు వచ్చాడు. జనంలో గేరి ఆడవాళ్ల నడుమ జీవమ్మ కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

ఓబన్న ఎడమకు తిరిగాడు.

సుద్దపల్లె వైపు నుంచి ఒక మూలుగు లాంటిది లేచింది. నాపలపాడు వైపు చప్పుడే లేదు. వాళ్లు కూడా నమ్మలేకపోయారు. ఓబన్న గులకరాళ్ల డొంకలోకి దిగి, పుల్లయ్య నాయన ఒకప్పుడు చూపించిన దారినే నడుస్తున్నాడు. పుల్లయ్య పక్కనే నడుస్తున్నాడు. బావి పోయింది. చెప్పిన మాట పోయింది. రేపు ఊళ్లో తల ఎత్తుకోలేడు.

డొంకలో గాలి లేదు. గడ్డ ఎండిపోతోంది. ముందు అంచున సన్నని పగులు వచ్చింది, చూస్తుండగానే అది నడిమి దాకా పాకింది. చిన్న పెళ్ల ఒకటి ఓబన్న భుజం మీద రాలింది. వెనక నుంచి సుద్దపల్లె గొంతు ఒకటి గుసగుసగా అంది. "పోయొద్దప్పా. పగిలి పడనియ్. పడితే సెల్లదు." ఇంకొకరు, ఇంకొకరు అదే మాట అందుకున్నారు. చెయ్యి కదపకుండా ఉంటే చాలు. ఎవరూ తప్పు పట్టలేరు, నీళ్లు ఒలికిపోయాయని చెప్పుకోవచ్చు.

ఓబన్నకు ఆ మాటలు వినిపించకుండా ఉండవు. అయినా అతను నడక తొందరచేయలేదు. పుల్లయ్య వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నీళ్లు పొయ్యమని కంటితో కూడా అడగలేదు. తన ఇంటి కడవ నిండే దారి కుడివైపు ఉందని తెలిసి ఎడమకు తిరిగిన మనిషి, ఇప్పుడు తన నడకను కూడా పక్కవాడి చేతికి వదిలేసి పోతున్నాడు. పుల్లయ్యకు చెంబు ఒక్కసారిగా మోయలేనంత బరువనిపించింది. కొండంత మనిషి పక్కన నడుస్తున్నాననిపించింది. చెయ్యి దానంతట అదే లేచింది. నీళ్లు సన్నధారగా పగులు మీద పోసి, అరచేత్తో మెల్లగా అదిమాడు. వెనక గుసగుసలు ఆగిపోయాయి. ఆ తర్వాత డొంక చివరిదాకా ఆయన చెయ్యి ఆ గడ్డ దగ్గరే ఉంది.

పాత వాగూ కొత్త వాగూ మళ్లీ కలిసే చోట ఓబన్న నిలబడ్డాడు. పుల్లయ్యా, మహానందీ చెరొక పక్క పట్టి మన్ను దించారు. కడపటి రాయి నాటారు. నడక అయిపోయింది కాబట్టి ఇక మాట్లాడవచ్చు. ఓబన్న పెదవులు మన్నుతో అంటుకుపోయి ఉన్నాయి. పుల్లయ్య చెంబులో మిగిలిన తియ్యనీళ్లు అతని దోసిట్లో పోశాడు. అతను తాగి, పెదవులు తుడుచుకుని, పుల్లయ్యకు మాత్రమే వినిపించేటట్టు ఒక మాట అన్నాడు.

"అబద్ధానికి ఇస్తానంటివి గదప్పా. నిజానికి ఇయ్యి."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తాసీల్దార్ల బంట్రోతులు కాగితమూ కలమూ తెచ్చి ముందు పెట్టారు. పుల్లయ్య సంతకం చేసి, కలం మహానందికి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని, అందరూ వినేటట్టు మాట్లాడాడు.

"మహానందన్నా, చేను మీదే. మా నాయన గూడా అదే సెప్పినాడు, నేనే ఇన్నాళ్లూ నోరు మూసుకొని ఉన్న్యా. ఇప్పుడు ఒకటి అడుగుతాండా. బాయి పడినాక మా ఊరికి గూడా నీళ్లు ఇయ్యాల. ఓబన్న గేరివాండ్లు వాండ్ల చేత్తో వాండ్లు తోడుకోవల."

మొదటి మాటకు తలలు ఊగాయి. రెండో మాటకు రెండు ఊళ్లూ ఒకేసారి బిగుసుకున్నాయి. అంతవరకు ఉప్పూ నిప్పుగా ఉన్నవాళ్లు ఆ ఒక్క విషయంలో ఒకటైపోయారు. మహానంది మీసం సవరించుకున్నాడు. తన మనుషులను చూశాడు. తర్వాత ఓబన్న ముఖం మీది మన్ను చారలను చూశాడు.

"దీనికి మా ఇంట్లో ఏం మాటలు పడాల్నో నాకు తెల్సు," అన్నాడు చివరికి. "అయినా ఆ మనిషి కుడికి తిరిగింటే ఈ చేను మాది కాకుండా పోయుండు. తోడుకోమను. ఎవురన్నా అడ్డమొస్తే నా పేరు సెప్పమను." తర్వాత తన ఊరివైపు తిరిగి, బండ్లు వెనక్కి తిప్పండి, గడ్డి కింద ఉండేటివి ఎండకు కాగుతాండాయి అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు రెండు పక్కలకూ పాకింది.

ఆ మాటలేవీ కాగితంలోకి ఎక్కలేదు. కాగితంలో హద్దు ఒక్కటే రాశారు. అందుకే వాటిని నిలబెట్టడం కష్టమైంది. జమ్మలమడుగు తాలూకా బోర్డు బావి తవ్వించింది, తియ్యనీళ్లు పడ్డాయి. మొదటి రోజు జీవమ్మ చేద వేసినప్పుడు రెండు ఊళ్ల ఆడవాళ్లూ కడవలు తీసుకుని లేచి వెళ్లిపోయారు. ఆమె తొణక్కుండా తన కడవ నింపుకుని, గేరిలో తర్వాతి మనిషికి చేదతాడు అందించింది. ఆ వేసవంతా పుల్లయ్య పొద్దున్నే పోయి బావి పక్క బండ మీద కూర్చునేవాడు. గొడవ పడేవాళ్లు ఆయన్ను చూసి సగం మాట మింగేవారు. లేచి వెళ్లిన ఆడవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, ఎందుకంటే ఉప్పునీళ్లలో పప్పు ఉడకదు. సుద్దపల్లె రైతులు ఆ ఏట కళ్లాల్లో ఓబన్నకు గింజలు కొలవలేదు. పుల్లయ్య మళ్లీ ప్రెసిడెంటుగా గెలవలేదు. తిరుపతమ్మ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు, మధ్యాహ్నానికే అన్నం పప్పు వడ్డించేది.

ఓబన్న మన్ను ఎత్తుకున్నాక ఏడాది తిరిగింది. మరుసటి ఏడూ తిరిగింది. ఆ మన్ను అతన్ని కప్పుకోలేదు. చాలా ఏళ్లు బతికి, మనవళ్లను ఎత్తుకుని, ఒక వానాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. గేరి గుడి వెనక పూడ్చారు. పూడ్చేటప్పుడు పుల్లయ్యా మహానందీ ఇద్దరూ వచ్చి తలా పిడికెడు మన్ను వేశారు. అప్పటికి ఇద్దరివీ జుట్లు నెరిసి ఉన్నాయి.

ఈ కథ చదివినవాళ్లను ఒకటి కోరుతున్నాను. బడిలోనో, కచేరీలోనో గోడ మీద మన జిల్లాల పాత పటం కనిపిస్తే, కర్నూలుకూ కడపకూ నడుమ ఎర్రమలల కింద వంకరటింకరగా పోయే సన్నని గీత మీద ఒక్కసారి వేలు పెట్టి చూడండి. దాని మీద ఎవరి పేరూ ఉండదు. అక్కడ ఓబన్నను తలచుకోండి.